నాన్నగారి చేతి గ్రాఫ్టు మూడోసారి బిగుసుకుంది. కవర్డ్ స్టెంటు వేయించాలా?

కవిటి_కొబ్బరితోట
మా నాన్నగారికి 58 ఏళ్లు. ఐదేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమ ముంజేతిలో ధమనిని సిరకు కలిపి మొదట పెట్టిన ఫిస్టులా రెండేళ్లకు పైగా పనిచేసి ఆగిపోయింది. ఆ తర్వాత అదే చేతికి, మోచేతి పైభాగంలో, గ్రాఫ్టు (ధమనికీ సిరకూ మధ్య కుట్టే కృత్రిమ గొట్టం) వేశారు. ఈ ఎనిమిది నెలల్లో అది రెండుసార్లు బిగుసుకుంది. రెండుసార్లూ విశాఖపట్నం తీసుకెళ్లి బెలూన్ చేయించాం, అంటే ఇరుకైన చోట చిన్న బెలూన్ ఉబ్బించి వెడల్పు చేశారు. మొదటిసారి చేసింది నాలుగు నెలలు నిలిచింది, రెండోది మూడు నెలలకే పోయింది. మొన్న శనివారం డయాలసిస్ అయ్యాక సూదులు తీస్తే అరగంట దాటినా రక్తం ఆగలేదు. చొక్కా అంతా తడిసిపోయింది. ఆయనను చూసి అమ్మ భయపడిపోయింది.

ఈసారి బెలూన్ ఒక్కటే చాలదు, కవర్డ్ స్టెంటు వేయాలి, అన్నీ కలిపి లక్షన్నర దాకా అవుతుంది అన్నారు. గుండెకు వేసే స్టెంటే ముప్పై వేలకు వస్తుంటే చేతికి లక్షన్నర ఏమిటని మా పక్కింటాయన అన్నారు. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి నాన్న వద్దంటే వద్దంటున్నారు. ఆసుపత్రిలో అడిగితే సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు, అంతే. అది ఏమిటో, ఎందుకో, ఎన్నాళ్లు పనిచేస్తుందో ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇక్కడ ఎవరికైనా వేశారా? బుధవారంలోగా మా మాట చెప్పాలి.

పలాస_జీడితోట
ముందు ఒక సంగతి చెప్పండి. ఇప్పుడు డయాలసిస్ దేనితో చేస్తున్నారు? మెడలో పైపు పెట్టారా?

కవిటి_కొబ్బరితోట
లేదు. గ్రాఫ్టు పూర్తిగా మూసుకోలేదు. దానితోనే నడుపుతున్నారు. కాని మెషీన్ మాటిమాటికీ అరుస్తోంది. వీనస్ ప్రెషర్ (రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లేటప్పటి ఒత్తిడి) ఎక్కువ చూపిస్తోందని రక్తం వేగం తగ్గించి నడుపుతున్నారు.

పలాస_జీడితోట
అయితే ఇంకా చేతిలో సమయం ఉంది. పూర్తిగా మూసుకుంటే ముందు లోపల గడ్డకట్టిన రక్తం తీయాలి, ఆ తర్వాతే మిగతావన్నీ. మా బావగారికి అలాగే జరిగింది. ఆదివారం కదా, సోమవారం వెళ్దాంలే అనుకున్నాం. సోమవారానికి గ్రాఫ్టు పూర్తిగా మూసుకుపోయింది. మెడలో పైపు వేయించుకుని రెండు నెలలు తిరిగారు. మీరు మాత్రం ఆలస్యం చేయవద్దు.

మెషీన్_పక్కన_మనిషి
నేను పదకొండేళ్లుగా డయాలసిస్ టెక్నీషియన్‌ని. డాక్టరును కాను, అందుకే రోజూ కళ్లతో చూసేదే చెబుతాను.

మీ నాన్నగారి లక్షణాలన్నీ ఒకే చోటికి వేలు చూపుతున్నాయి. వీనస్ ప్రెషర్ పెరగడం, సూది తీశాక రక్తం ఆగకపోవడం, రెండూ రక్తం తిరిగి గుండెకు వెళ్లే దారిలో ఎక్కడో ఇరుకు ఉందని చెప్పేవే. గ్రాఫ్టులో ఆ ఇరుకు ఎక్కువగా వచ్చేది గొట్టాన్ని సిరకు కుట్టిన అతుకు దగ్గర.

కొబ్బరితోట ఉన్నవారు కాబట్టి ఇలా చెబుతాను. బోరు పైపు నీళ్లు మట్టికాలువలో పడే చోటు చూడండి. పైపుకు ఏమీ కాదు. నీళ్లు వేగంగా పడే ఆ మట్టిదగ్గరే కోత పడుతుంది, మేట వేస్తుంది. సిర కూడా మట్టికాలువ లాంటిదే. మెల్లగా పారే రక్తానికి పుట్టిన నాళంలోకి ధమని రక్తం ఉరవడిగా వచ్చి పడుతుంటే, అది తనను తాను కాపాడుకోవడానికి లోపలి గోడను మందం చేసుకుంటుంది. ఆ మందమే దారిని మూసేస్తుంది.

బెలూన్ ఆ మందాన్ని పక్కకు నొక్కి చీల్చుతుంది, తీసివేయదు. అందుకే మళ్లీ వస్తుంది. తొడుగు లేని వట్టి లోహపు స్టెంటు వేస్తే వల కన్నాల్లోంచి కండ లోపలికి పెరుగుతుంది. కవర్డ్ స్టెంటులో లోహపు వలకు పల్చని తొడుగు ఉంటుంది. మీ నాన్నగారి గ్రాఫ్టు ఏ పదార్థంతో చేశారో సాధారణంగా ఆ తొడుగూ దానితోనే చేస్తారు. కన్నాలు లేవు కాబట్టి ఆ మేరకు కండ లోపలికి రాలేదు. దాని పని అంతే.

నాగావళి_తీరం
మా అమ్మకు వేశారు. ఇప్పటికి రెండేళ్లు. అంతకుముందు మూడు నెలలకొకసారి బెలూన్ కోసం శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ ఒకరి కూలి పోవడం, ఒక రాత్రి అక్కడే పడుకోవడం. స్టెంటు వేశాక పద్నాలుగు నెలలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత స్టెంటు చివర దగ్గర మళ్లీ ఇరుకు వచ్చింది. ఒకసారి బెలూన్ చేశారు. ఇప్పుడు బాగానే ఉంది.

శాశ్వతం అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కాని ఆ పద్నాలుగు నెలలు మా ఇంట్లో మనుషులం మనుషుల్లా బతికాం.

బొబ్బిలి_వీణ
నేను దీనికి ఒప్పుకోను. మా పెదనాన్నగారికి వేసిన స్టెంటుకు ఆరు నెలల్లో చీము పట్టింది. చలిజ్వరం వచ్చింది. చివరికి గ్రాఫ్టూ స్టెంటూ రెండూ కోసి తీశారు. అంత డబ్బు పోసి ఒంట్లో ఇంకో పరాయి వస్తువు పెట్టించుకోవడం కంటే, ఆపరేషన్ చేసి అతుకును ఇంకాస్త పైకి మార్పించడం మేలు కదా?

మెషీన్_పక్కన_మనిషి
వీణ గారూ, బాధపడకండి, ఒక మాట అడుగుతాను. పెదనాన్నగారికి ఆ స్టెంటు ఎక్కడ వేశారు? సూదులు గుచ్చే చోటేనా?

బొబ్బిలి_వీణ
అవును. గ్రాఫ్టు ఒకచోట బుడగలా ఉబ్బింది. దానికి అడ్డంగా లోపల స్టెంటు వేశారు. ఆ తర్వాత కూడా సూదులు అక్కడే గుచ్చేవారు.

మెషీన్_పక్కన_మనిషి
అదే జరిగి ఉంటుంది. వీలైనంత వరకు సూదులు పడే చోట స్టెంటు వద్దనే మాకు నేర్పారు. ఉబ్బు పగిలేలా ఉన్నప్పుడు ఒక్కోసారి తప్పక వేస్తారు. వేసినా సూది మాత్రం దానిలోంచి గుచ్చకూడదు. గుచ్చితే తొడుగు చిరుగుతుంది, వల తీగ విరగవచ్చు, క్రిములు పట్టవచ్చు. ఇందులో తప్పు మా టెక్నీషియన్లదీ ఉంటుంది. స్టెంటు ఎక్కడ ఉందో మాకు ఎవరూ చెప్పరు, మేమూ అడగం.

బొబ్బిలి_వీణ
మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం పక్కన గుచ్చమని అడిగేవాళ్లం.

కోటజంక్షన్_డాక్టరమ్మ
విజయనగరం అమ్మాయిని, రేడియాలజీలో పీజీ చేస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి. ఇందులో పడికట్టు జవాబు లేదు. ఇరుకు ఎక్కడ ఉందన్న దాన్ని బట్టే జవాబు మారుతుంది.

గ్రాఫ్టు సిరతో కలిసే అతుకు దగ్గర ఇరుకైతే కవర్డ్ స్టెంటుకు గట్టి ఆధారం ఉంది. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 190 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సగం మందికి బెలూన్ మాత్రమే చేశారు, సగం మందికి బెలూన్ చేసి కవర్డ్ స్టెంటు వేశారు. ఆరు నెలలకు ఆ చోటు మళ్లీ చికిత్స అవసరం లేకుండా తెరిచి ఉన్నవారు స్టెంటు వైపు 51 శాతం, బెలూన్ వైపు 23 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ. ఇంకో వైపు నుంచి కూడా చూడండి. స్టెంటు వేసినా ఆరు నెలల్లో దాదాపు సగం మందికి ఆ చోట మళ్లీ ఇబ్బంది వచ్చింది. నాగావళి గారి అమ్మగారికి పద్నాలుగు నెలలు నిలవడం చాలా మంచి ఫలితం.

అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2019 మార్గదర్శకాలు కూడా గ్రాఫ్టు అతుకు దగ్గర మళ్లీ మళ్లీ వచ్చే ఇరుకుకు బెలూన్ ఒక్కదాని కంటే దీని వైపే మొగ్గాయి. తొడుగు లేని వట్టి స్టెంట్లను మాత్రం ఈ పనికి వాడవద్దన్నాయి.

గ్రాఫ్టు కాకుండా సొంత సిరతో చేసిన ఫిస్టులా అయితే లెక్క కొంచెం వేరు. అక్కడ 280 మంది మీద జరిగిన ఒక పరీక్షలో ఆరు నెలలకు ఆ చోటు కవర్డ్ స్టెంటు వేసినవారిలో 78.7 శాతం మందికి తెరిచి ఉంది, బెలూన్ ఒక్కటే చేసినవారిలో 47.9 శాతం. కాని ఫిస్టులా నుంచి గుండె దాకా మొత్తం దారిని లెక్కలోకి తీసుకుంటే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒకచోట బాగుచేస్తే ఇరుకు మరోచోట తలెత్తుతుందన్న మాట.

వీణ గారు ఆపరేషన్ అన్నారు. అదీ ఒక దారే, కొట్టిపారేయను. అయితే అతుకును పైకి జరిపిన ప్రతిసారీ కొంత సిర ఖర్చవుతుంది. ఈయనకు 58 ఏళ్లే. ఇంకా ఎన్నో ఏళ్లు ఆ చేతులతోనే నెట్టుకురావాలి. స్టెంటు కూడా కొంత సిరను ఆక్రమిస్తుంది, అది చంకలోని పెద్ద సిర వరకు వెళ్తే రేపు అక్కడ కొత్త గ్రాఫ్టు కుట్టే చోటు పోతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది వేశాక ఈ చేతిలో నాకు ఇంకా ఏ దారి మిగులుతుంది? దానికి జవాబు చెప్పగలిగిన డాక్టరు దగ్గర నమ్మకంగా సంతకం పెట్టండి.

కవిటి_కొబ్బరితోట
డాక్టరమ్మా, మీ సమాధానం నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. పాత సీడీ కాగితాలు వెతికితే రెండుసార్లూ బెలూన్ చేసింది గ్రాఫ్టు సిరతో కలిసే చోటే అని రాసి ఉంది. "అయితే అది నిజంగానే అవసరం అంటావా" అన్నారు. మొన్నటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మెత్తని మాట అది.

మిగిలింది డబ్బు సంగతి.

వంశధార_గట్టు
ధర గురించి నేను చెబుతాను, మా అన్నయ్య కోసం ఇదంతా తిరిగినవాణ్ని. మీ పక్కింటాయన చెప్పింది అబద్ధం కాదు. కాని అది వేరే వస్తువు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గుండె స్టెంట్లకు ధర పరిమితి పెట్టింది. మందు పూసిన స్టెంటుకు అప్పుడు 29,600 రూపాయలు, వట్టి లోహపుదానికి 7,260. ఆ పరిమితి గుండె రక్తనాళాల స్టెంట్లకు మాత్రమే. చేతికి వేసే కవర్డ్ స్టెంటు ఆ జాబితాలో లేదు. పైగా అది గుండె స్టెంటు కంటే చాలా వెడల్పు. అందుకే ధరలో అంత తేడా.

అంతమాత్రాన చెప్పిన ధరకు తలూపాలని కాదు. స్టెంటుకు ఎంత, బెలూన్‌కు ఎంత, గదికి ఎంత అని విడివిడిగా రాసిమ్మనండి. మాకు రెండుచోట్ల చెప్పిన ధరల మధ్య నలభై వేల తేడా వచ్చింది. ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లి కార్డు చూపించి, ఈ చికిత్స పథకంలోకి వస్తుందా, వస్తే ఎంత మేరకు అని అడగండి. రాదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టేటప్పుడు మాకు ఆ కాగితమే పనికొచ్చింది.

పలాస_జీడితోట
డయాలసిస్ పింఛను 10,000 వస్తోందా మీకు?

కవిటి_కొబ్బరితోట
వస్తోందండీ. ఆ పదివేలే మా ఇంటి ఆసరా. అందులో సగం ఆటోలకూ మందులకూ పోతుంది.

ఎర్రమందారం
నేను రోగినే. సోంపేట వైపు. బడిపంతులమ్మగా పనిచేశాను. డయాలసిస్ మొదలై ఏడో ఏడు నడుస్తోంది. ఇక్కడ అందరూ చేతిలో అతుకు గురించి మాట్లాడుతున్నారు. నాకు ఇరుకు వచ్చింది ఛాతీలో.

మొదటిసారి డయాలసిస్ అత్యవసరమైనప్పుడు నాకు కాలర్ ఎముక కింద పైపు పెట్టారు. మెడలో కాదు. అది తీసేసి ఏడాదిన్నర గడిచాక ఎడమ చెయ్యి ఉబ్బడం మొదలైంది. గాజులు ఎక్కలేదు. రవికె చెయ్యి పట్టలేదు. రొమ్ము మీద నీలం నరాలు తేలాయి. పైపు రాసుకున్న చోట లోపలి పెద్ద సిర ముడుచుకుపోయిందని అప్పుడు చెప్పారు. మూడుసార్లు బెలూన్ అయ్యాక కవర్డ్ స్టెంటు వేశారు. వారం తిరిగేసరికి వాపు దిగింది. ఆ రోజు గాజులు వేసుకుని ఎంతసేపు చూసుకున్నానో.

అందుకే కొత్తగా డయాలసిస్‌లోకి వచ్చే ప్రతివారికీ చెబుతున్నాను. పైపు తప్పనిసరైతే మెడలోనే పెట్టమని అడగండి. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతోందని, అంటే కిడ్నీల పని తగ్గుతోందని తెలిసిన రోజు నుంచే ఒక చేతిని కాపాడుకోండి. ఆ చేతికి రక్తం తీయనివ్వవద్దు, సెలైన్ పెట్టనివ్వవద్దు. మన ఉద్దానంలో ఇంటికొకరు ఈ కిడ్నీ జబ్బుతో ఉన్నా ఈ ఒక్క మాట చెప్పేవారు లేకపోయారు. కారణం ఏమిటో ఇన్నేళ్లయినా తేలని జబ్బు మనది. కారణం తేలేదాకా నరాలైనా దక్కించుకోవాలి కదా.

కోటజంక్షన్_డాక్టరమ్మ
ఎర్రమందారం అమ్మా, మీరు రాసినది మా పాఠ్యపుస్తకం కంటే స్పష్టంగా ఉంది. ఒక్క మాట కలుపుతాను. ఛాతీలోని పెద్ద సిరల్లో స్టెంటు వేసేటప్పుడు పక్కనుంచి వచ్చి కలిసే మెడ సిర నోరు తొడుగుతో మూసుకుపోకుండా చూసుకోవాలి. అందుకే అక్కడ డాక్టర్లు అంత తొందరగా స్టెంటు వైపు వెళ్లరు.

తాతయ్య_మనవరాలు
అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాతయ్యకు ఫిస్టులా ఉంది. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఇరుకు వస్తోందని ఇంట్లోనే ముందుగా తెలుసుకోవచ్చా?

మెషీన్_పక్కన_మనిషి
తెలుసుకోవచ్చు. రోజూ పొద్దున్న రెండు వేళ్లు దాని మీద ఆనించండి. జుమ్మని సన్నగా, ఆగకుండా కదలాలి. ఆ జుమ్మనడం పోయి నాడిలా టక్, టక్ అని కొట్టుకుంటుంటే ముందున్న దారి ఇరుకైందని అర్థం. ఫిస్టులా ఉన్న చేతిని తల పైకి ఎత్తితే ఉబ్బిన సిర మెత్తబడి కుంగాలి. ఎత్తినా గట్టిగా నిలిచి ఉంటే డాక్టరుకు చూపించండి. గ్రాఫ్టుకు ఈ ఎత్తే పరీక్ష పనిచేయదు, అది గొట్టం కాబట్టి కుంగదు. అసలు ఏ కదలికా తెలియకపోతే ఆ రోజే, ఆ గంటలోనే బయలుదేరండి.

తాతయ్య_మనవరాలు
మా చెల్లి రోజూ తాతయ్య చేతికి చెవి ఆనించి "తుమ్మెద నిద్ర లేచింది" అంటుంది. ఇక నుంచి ఆ పని దానికే అప్పగిస్తాను.

ఎర్రమందారం
తుమ్మెద! ఎంత బాగా అంది. మా మనవడు మాత్రం నా చేతిలో పిండిమర ఉందంటాడు.

బొబ్బిలి_వీణ
డాక్టరమ్మ గారి మాట చదివాక నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం అక్కడే ఉంచుతాను. చీము సంగతి రోగికి ముందే చెప్పాలి. జ్వరం వచ్చినా, చెయ్యి ఎర్రబడి వేడెక్కినా రెండు మాత్రలు వేసి పడుకోబెట్టవద్దు. మేము చేసిన తప్పు అదే. నాలుగు రోజులు మామూలు జ్వరమే అనుకున్నాం.

కోటజంక్షన్_డాక్టరమ్మ
ఆ సగం అక్కడే ఉండాలి వీణ గారూ.

నాగావళి_తీరం
కవిటి గారూ, బుధవారం దాటింది. ఏమైంది?

కవిటి_కొబ్బరితోట
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, మన్నించండి.

వేయించాం. వెళ్లేముందు డాక్టరమ్మ చెప్పిన ప్రశ్నే అడిగాను: ఇది వేశాక ఈ చేతిలో ఏ దారి మిగులుతుంది అని. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, కుర్చీ లాగి కూర్చోమన్నారు. కాగితం మీద చెయ్యి బొమ్మ గీశారు. స్టెంటు పై చివర చంక కంటే ఎంత కిందికి ఆగుతుందో, దాని పైన ఎంత సిర మిగులుతుందో చూపించారు. పదిహేను నిమిషాలు మాట్లాడారు. ఇదే మాట మొదటి రోజే చెప్పి ఉంటే మేము ఇన్ని రాత్రులు మేలుకునేవాళ్లం కాదు.

నాన్నకు మత్తు ఇవ్వలేదు, చేతికి తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రమే. గంటలోపే అయిపోయింది. మర్నాడే గ్రాఫ్టుతో డయాలసిస్ చేశారు. 230 దాటుతూ వచ్చిన వీనస్ ప్రెషర్ 130 దగ్గర నిలిచింది. సూదులు తీశాక పది నిమిషాల్లో రక్తం ఆగింది. అమ్మ గడియారం చూస్తూనే ఉంది.

డబ్బు కొంత పథకంలో వచ్చింది, కొంత అప్పు చేశాం. వంశధార గారు చెప్పినట్టు విడివిడిగా రాయించుకుంటే ఇరవై రెండు వేలు తగ్గింది.

వంశధార_గట్టు
ఆ ఇరవై రెండు వేలు రెండు నెలల పింఛను కంటే ఎక్కువ. మంచి పని చేశారు.

మెషీన్_పక్కన_మనిషి
ఆ డాక్టరు గీసిన బొమ్మ పారేయకండి. దాన్ని జిరాక్సు తీయించి డయాలసిస్ పుస్తకం అట్ట లోపల అతికించండి. స్టెంటు మొదలు, చివర ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. కొత్త టెక్నీషియన్ వచ్చిన రోజు సూది గుచ్చకముందే ఆ పేజీ తెరిచి చూపించండి. ఎవరూ తప్పు పట్టరు. 130ని కూడా అక్కడే రాయండి. అది మెల్లగా 150, 170, 190 అంటూ ఎక్కుతుంటే అరుపులు మొదలయ్యేదాకా ఆగవద్దు.

కవిటి_కొబ్బరితోట
అతికించాను. ఇంకొక్క ప్రశ్న. నాన్న నిన్న తోటకు వెళ్లి కాయల బుట్ట ఎత్తబోయారు. ఎత్తవచ్చా?

మెషీన్_పక్కన_మనిషి
ఆ చేత్తో వద్దు. బుట్ట అంచు గ్రాఫ్టు మీద నొక్కుకుంటే రక్తం ఆగిపోతుంది. ఎంత బరువు దాకా పరవాలేదో వచ్చే వారం చూపించుకునేటప్పుడు డాక్టరును అడగండి. అప్పటిదాకా కాయలు లెక్కపెట్టే పని ఆయనకు, మోసే పని మీకు.

కవిటి_కొబ్బరితోట
చెప్పాను. ఒప్పుకున్నారు. లెక్కలో మాత్రం నన్ను నమ్మరట.